టైటానిక్ ఓడలో గుంటూరు బాలిక: రూత్ బెకర్ జీవితము

శతవార్షిక సంచికలలో మనము సాధారణముగా పెద్దలను జ్ఞాపకము చేసికొంటాము. దేవాలయములు కట్టించినవారు, పాఠశాలలు స్థాపించినవారు, ఆస్పత్రులు నడిపినవారు, ఊరూర తిరిగి సువార్త చెప్పినవారు, వీరి పేర్లు రాతిపలకల మీద చెక్కబడి ఉన్నవి. పండుగ వచ్చినప్పుడెల్ల వాటిని చదువుకొంటాము. కాని ఆ దొరగార్ల, దొరసానిగార్ల బిడ్డలను గూర్చి మనము వ్రాసికొన్నది బహు తక్కువ. పాత మిషను సమాధుల తోటలలోనికి వెళ్లి చూచినచో అక్కడక్కడ చిన్న సమాధులు కనిపిస్తాయి. రెండేండ్లు, ఒక ఏడాది, కొన్ని నెలలు, ఇంతే వాటి మీద వ్రాసిన ఆయుష్షు. తల్లిదండ్రులు చేసిన సేవకు వెల చెల్లించినవారిలో ఆ పసివారు కూడ ఉన్నారు.

అట్టి కుటుంబములలో ఒకదానిలో పుట్టిన ఒక బాలికను గూర్చి మేము ఇక్కడ చెప్పదలచితిమి. ఆమె పేరు రూత్ బెకర్. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ చరిత్రను చదివినవారికి ఏ దేశములోనైనను ఈమె పేరు పరిచయమే. కాని ఈమె జన్మించిన ఊరు మన గుంటూరు అని మనలో ఎందరికి తెలియును? ఇతర దేశములవారు ఎరిగిన సంగతిని మనము మరచుట తగదని తలంచి ఈ కొన్ని మాటలు వ్రాయుచున్నాము.

గుంటూరుకు అమెరికా లూథరన్ మిషను వచ్చిన చరిత్ర మన పాఠకులకు తెలిసినదే. ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న ఆ ఊరు చేరారు. ఆ తరువాత పాఠశాలలు వెలిసినవి. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గారు వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యము మొదలుపెట్టారు. 1898లో ఆమె ఆస్పత్రి తెరువబడినది. ఆ మరుసటి సంవత్సరము, 1899 అక్టోబరు 28న, అదే ఊరిలో మిషనెరీ ఎలెన్ ఆలివర్ బెకర్ గారికి, ఆయన భార్య నెల్లీ గారికి మొదటి బిడ్డగా రూత్ పుట్టినది.

ఆ రోజులలో తెల్లవారి బిడ్డలకు మన ఎండలు, మన జ్వరములు ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు. మన బిడ్డలకు మాత్రము తక్కువ ప్రమాదమా? ఈనాడు చిన్నవిగా ఎంచబడు జబ్బులకు సయితము ఆనాడు మందు లేదు. రూత్ తరువాత పుట్టిన లూథర్ అను తమ్ముడు ఈ దేశములోనే పసితనమున చనిపోయాడు. 1907లో మేరియన్ అను చెల్లెలు, 1910లో రిచర్డ్ అను తమ్ముడు పుట్టారు. రిచర్డ్‌కు ఏడాది దాటిన తరువాత జబ్బు చేసినది. ఈ దేశములో ఉంచినచో బిడ్డ బ్రతుకడని వైద్యులు చెప్పారు. ఒక కొడుకును ఇదివరకే మట్టిలో పెట్టిన తల్లి ఆ మాట విని ఎట్లు నిలువగలదు? నెల్లీ గారు ముగ్గురు పిల్లలను తీసికొని స్వదేశమునకు బయలుదేరారు. బెకర్ గారు పని విడిచి వెంటనే వెళ్లుటకు వీలు లేకపోయినది. ఆయన ఇక్కడనే ఉండిపోయారు.

ఈ విధముగా 1912 వసంతకాలములో ఒక తల్లి, జబ్బుతో ఉన్న కొడుకు, నాలుగేండ్ల చిన్న కుమార్తె, పండ్రెండేండ్ల పెద్ద కుమార్తె సముద్రము మీద ప్రయాణమై ఇంగ్లండు చేరారు. అక్కడనుండి అమెరికాకు వెళ్లుటకు వారికి దొరికిన ఓడ టైటానిక్. అది అప్పుడే క్రొత్తగా తయారైనది. బెల్‌ఫాస్టు నగరములో హార్లండ్ అండ్ వుల్ఫ్ అను కంపెనీవారు వైట్ స్టార్ లైన్ వారి కొరకు దానిని కట్టారు. పొడవు 882 అడుగుల పైచిలుకు, బరువు లెక్క 46,000 టన్నులకు మించినది. ఆనాడు సముద్రము మీద అంతకంటె పెద్ద ఓడ లేదు. 1912 ఏప్రిల్ 10న సౌతాంప్టన్ రేవునుండి తన మొదటి ప్రయాణమునకు బయలుదేరినది. బెకర్ కుటుంబము రెండవ తరగతిలో ఎక్కినది.

రెండవ తరగతి అన్నను ఆ ఓడలో అన్నియు క్రొత్తవే. దుప్పట్లు క్రొత్తవి, పింగాణీ గిన్నెలు క్రొత్తవి, రంగు వాసన ఇంకను పోలేదు. రూత్‌కు అది పండుగవలె ఉన్నది. తమ్ముణ్ణి తోపుడుబండిలో కూర్చుండబెట్టి ఓడ వసారాలో అటు ఇటు త్రిప్పుచుండెడిది. తల్లికి మాత్రము మనస్సు కుదుటపడలేదు. క్రొత్త ఓడ, మొదటి ప్రయాణము, ఏమగునో అని ఆమె ఓడ అధికారిని అడిగినదట. నీరు చొరని అరలు ఉన్నవి, ఓడకు ఏమియు కాదు అని ఆయన ధైర్యము చెప్పినట్లు రూత్ పెద్దయిన తరువాత జ్ఞాపకము చేసికొన్నది.

ఆ అరల సంగతి అబద్ధము కాదు. ఓడ అడుగుభాగము పదునారు అరలుగా విభజింపబడినది. ముందుభాగమున నాలుగు అరలు నిండినను ఓడ తేలియుండగలదు. అయితే ప్రాణరక్షక పడవల విషయములో లోపము ఉన్నది. ఓడలో ఉన్నవారు సుమారు 2,200 మంది. పడవలు 20, వాటిలో పట్టువారు 1,178 మంది మాత్రమే. ఇది చట్టమునకు విరుద్ధము కూడ కాదు. పదివేల టన్నుల ఓడలే పెద్దవిగా ఎంచబడిన కాలములో వ్రాసిన నిబంధనను ఎవరును మార్చలేదు. చట్టము కోరినదానికంటె నాలుగు పడవలు ఎక్కువే ఆ ఓడలో ఉన్నవి. చట్టము నెరవేరినది గాని మనుష్యులకు చోటు లేదు.

ఏప్రిల్ 14 ఆదివారము. ఆ రాత్రి గాలి లేదు, చంద్రుడు లేడు, సముద్రము చెరువువలె నిశ్చలముగా ఉన్నది. రాత్రి 11 గంటల 40 నిమిషములకు ఓడ కుడివైపు ఒక మంచుకొండకు ఒరసికొన్నది. పెద్ద చప్పుడేమియు కాలేదు. పడుకొన్నవారిలో చాలమందికి తెలియనే లేదు. నెల్లీ గారు మాత్రము నిశ్శబ్దము వలన లేచారు. రాత్రి రైలులో నిద్రించువాడు బండి ఆగినప్పుడు మేలుకొనునట్లు, ఇంజన్ల మ్రోత ఆగిపోగానే ఆమె మేలుకొన్నారు. బయటికి వచ్చి ఒక పనివానిని అడుగగా ఏమియు లేదు, వెళ్లి పడుకొనుడని చెప్పాడు. ఆమె ఊరకుండలేదు. కొంతసేపటికి మరల అడుగగా, వెంటనే ప్రాణరక్షక కవచములు తొడిగికొని పైకి వెళ్లవలెనని, బట్టలు మార్చుటకు సమయము లేదని మరియొకడు చెప్పాడు.

రూత్ చెల్లెలికి సాయము చేసినది. తల్లి చంటివానిని ఎత్తుకొన్నది. రాత్రి బట్టల మీదనే కోటులు వేసికొని నలుగురును మెట్లెక్కి పైకి వచ్చారు. అక్కడ చలి ఎముకలు కొరికివేయుచున్నది. గుంటూరు ఎండలకు అలవాటు పడిన శరీరములు అవి. తల్లికి అప్పుడు కంబళ్ళు గుర్తుకు వచ్చినవి. చంటివానిని దించలేదు, చిన్నదానిని ఒంటరిగా విడువలేదు. క్రిందికి పోయి కంబళ్ళు తెమ్మని రూత్‌ను పంపినది.

పాఠకులారా, ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపుడి. ఓడ మునుగుచున్నది. జనమంతయు పైకి వచ్చుచున్నారు. పండ్రెండేండ్ల పిల్ల ఆ జనమునకు ఎదురుగా ఒంటరిగా క్రిందికి దిగి, తమ గదికి వెళ్లి, కంబళ్ళు చుట్టుకొని, మరల పైకి వచ్చినది. ఆమె దానిని సాహసమని ఎన్నడును చెప్పుకొనలేదు. అమ్మ తెమ్మన్నది, తెచ్చినది. మన ఇండ్లలో కూడ ఇంటికి పెద్దపిల్ల బ్రతుకు ఇట్టిదే కదా! బావికి పోయినను ఆమెయే, చంటివానిని చంకనెత్తుకొన్నను ఆమెయే, చీకటిలో దీపము తెచ్చినను ఆమెయే. ఆ అలవాటే ఆ రాత్రి ఆమెకు దారి చూపినది.

ఆమె తిరిగి వచ్చునప్పటికి 11వ నంబరు పడవను దింపుటకు సిద్ధము చేయుచున్నారు. ఒక నావికుడు మేరియన్‌ను ఎత్తి పడవలో వేశాడు. రిచర్డ్‌ను కూడ అందించారు. అంతలో పడవ నిండినది, ఇక ఎవరును ఎక్కరాదని కేక వేశారు. ఇద్దరు పసివారు పడవలో, తల్లి పైన! నెల్లీ గారు తన బిడ్డలు అందులో ఉన్నారని, తనను వెళ్లనిమ్మని మొరపెట్టారు. వారు ఆమెను ఎక్కించుకొన్నారు. రూత్‌కు మాత్రము చోటు లేదు. దిగిపోవుచున్న పడవలోనుండి తల్లి ఆమెను వేరొక పడవ ఎక్కుమని అరచినది. అంతే, పడవ చీకటిలోనికి దిగిపోయినది.

ఆ తల్లిని మనము తప్పుపట్టగలమా? ముగ్గురు బిడ్డలు గల తల్లి ఏ ఇద్దరి వెంట పోవలెను? జబ్బు బిడ్డ కొరకు దేశమే విడిచి వచ్చినది. ఆమె చేసినదానికి మరియొక దారి మాకు కనిపించుట లేదు. కాని ఆ క్షణము ఆమెను జీవితాంతము విడువలేదని తరువాతి సంగతులు చూపుచున్నవి.

రూత్ ఏడ్వలేదు, పరుగెత్తలేదు. ప్రక్కననే ఉన్న 13వ నంబరు పడవ యొద్దకు వెళ్లి, తాను ఎక్కవచ్చునా అని ఆఫీసరును అడిగినది. ఆయన ఆమెను ఎత్తి లోపల కూర్చుండబెట్టాడు. చేతిలో కంబళ్ళు అట్లే ఉన్నవి.

ఆ పడవకు నీళ్లమీదికి దిగిన తరువాత మరియొక అపాయము వచ్చినది. ఓడ ప్రక్కనుండి బయటికి వచ్చుచున్న నీటి ధార దానిని వెనుకకు తోసినది. సరిగా ఆ చోటికే పైనుండి 15వ నంబరు పడవ దిగుచున్నది. క్రిందివారు కేకలు వేసినను పైవారికి వినబడలేదు. పై పడవ అడుగు చేతికి తగులునంత దగ్గరకు వచ్చినది. అప్పుడు బాయిలరు పనివాడైన ఫ్రెడరిక్ బారెట్ మున్నగువారు కత్తులతో త్రాళ్లు కోసివేయగా పడవ ప్రక్కకు జరిగినది. డెబ్బది ఏండ్ల తరువాత కూడ రూత్ ఆ సంగతిని స్పష్టముగా చెప్పగలిగినది.

ఆ పడవలో బాయిలర్ల యొద్ద బొగ్గు వేయు పనివారు కొందరు ఉన్నారు. నిప్పుల కొలిమినుండి నేరుగా వచ్చినవారు. ఒంటిమీద చేతులు లేని బనీను, పొట్టి లాగు తప్ప మరేమియు లేవు. చలికి గజగజ వణకుచున్నారు. రూత్ తన తమ్మునికి, చెల్లెలికి అని తెచ్చిన కంబళ్ళను వారికి పంచిపెట్టినది. ఒకనికి వ్రేలు తెగి రక్తము కారుచుండగా తన చేతిరుమాలుతో కట్టు కట్టినది. ఒక స్త్రీ జర్మను భాషలో ఏదో చెప్పుచు ఏడ్చుచున్నది. ఆమె పసిబిడ్డను వేరొక పడవలో వేశారని, దుప్పటిలో చుట్టియున్న ఆ బిడ్డను మూటయని పొరబడ్డారని తెలిసినది. తల్లి ఎక్కడనో, తమ్ముడు చెల్లెలు ఎక్కడనో తెలియని ఆ పిల్ల, ఆ స్త్రీ ప్రక్కన కూర్చుండి ఆమెను ఓదార్చినది.

మేము ఈ వ్యాసము వ్రాయుటకు ముఖ్య కారణము ఈ కంబళ్ళే. ధైర్యమనగా భయము లేకుండుట అని పిల్లలకు బోధించుచుంటాము. రూత్‌కు భయము లేదని మేము చెప్పజాలము. ఆమె చేతిలో ఉన్న వస్తువు ఎవరికొరకు తెచ్చెనో వారు అక్కడ లేరు. ఉన్నవారికి అది కావలెను. ఇచ్చివేసినది.

తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషములకు ఓడ మునిగినది. దీపముల వరుసలు ఒకటి వెనుక ఒకటి నీటిలోనికి దిగుట ఆమె చూచినది. కడపట ఓడ రెండు ముక్కలగుట చూచానని చెప్పినది. ఈ మాటకు ఒక చరిత్ర ఉన్నది. 1912లో విచారణ జరిపినవారు ఓడ విరుగక మునిగినదని తేల్చారు. విరిగినదని చెప్పినవారిని చాలమంది నమ్మలేదు. రాత్రి చీకటి, భయము, చిన్నపిల్ల, పొరబడియుండును అనుకొన్నారు. 1985 సెప్టెంబరులో రాబర్ట్ బల్లార్డ్, జాన్ లూయీ మిషెల్ అను శాస్త్రజ్ఞుల బృందము రెండున్నర మైళ్ల లోతున ఓడను కనుగొనినప్పుడు, అది రెండు ముక్కలుగా, ఒకదానికొకటి దూరముగా పడియున్నది. డెబ్బది మూడేండ్ల తరువాత పండ్రెండేండ్ల పిల్ల సాక్ష్యము నిజమని తేలినది.

ఓడ మునిగిన తరువాత నీటిలో పడిన వందలాది జనుల కేకలు వినబడినవి. ఆ నీరు గడ్డకట్టునంత చల్లనిది. కొంతసేపటికి ఆ కేకలు ఆగిపోయినవి. ఆ రాత్రి సుమారు 1,500 మంది చనిపోయారు. వారిలో ఓడ దీపములు ఆరిపోకుండ కడవరకు యంత్రముల యొద్ద పని చేసిన 35 మంది ఇంజనీర్లు ఉన్నారు. జనము కలవరపడకుండ పైన నిలిచి వాద్యములు వాయించిన ఎనిమిదిమంది సంగీతకారులు ఉన్నారు. పడవ ఎక్కుమనినను ఎక్కక మూడవ తరగతివారితో ప్రార్థించుచు ఉండిపోయిన థామస్ బైల్స్ అను రోమన్ కాథలిక్ గురువు ఉన్నారు.

మరియొక పేరు కూడ మనము చెప్పవలెను. అదే రెండవ తరగతిలో ఆనీ ఫంక్ అను మెన్నోనైట్ మిషనెరీ ప్రయాణము చేయుచుండిరి. ఆమెయు మన దేశమునుండియే బయలుదేరినవారు. ఈనాటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని జాంజ్‌గీరులో పదునేడుగురు బాలికలతో పాఠశాల ప్రారంభించినవారు. తల్లికి జబ్బుగా ఉన్నదని తంతి రాగా స్వదేశమునకు ప్రయాణమయ్యారు. బొగ్గు పనివారి సమ్మె వలన తాను ఎక్కవలసిన ఓడ ఆలస్యము కాగా, పైగా సొమ్ము చెల్లించి టైటానిక్ ఎక్కారు. ఏప్రిల్ 12న ఓడలోనే ఆమెకు 38 ఏండ్లు నిండినవి. మూడవ రోజున ఆమె లేరు. ఆమె ప్రారంభించిన బడికి తరువాత ఆమె పేరే పెట్టారు.

ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మనకు కలుగు ప్రశ్న చిన్నది కాదు. రూత్ మంచిపిల్ల గనుక దేవుడు ఆమెను తప్పించెను అని కొందరు సులభముగా చెప్పుదురు. అట్లయినచో ఆనీ ఫంక్ గారి మాటేమి? రెండవ తరగతి పిల్లలందరును బ్రతికారు. మూడవ తరగతి పిల్లలలో మూడింట రెండు వంతులమంది చనిపోయారు. ఆ పేద తల్లుల బిడ్డలు ఏమి పాపము చేశారు? వారి గదులు అడుగున ఉన్నవి, పైకి వచ్చు దారి వారికి తెలియదు, పడవలు చాలలేదు. మనుష్యుల అజాగ్రత్త వలన కలిగిన మరణములను దైవనిర్ణయమని చెప్పి చేతులు కడుగుకొనుట భక్తి కాదని మా నమ్మకము. ఆ తరువాత 1914లో అనేక దేశములు లండనులో కూడి, ఓడలో ఉన్న ప్రతి మనిషికి పడవలో చోటుండవలెనని ఒడంబడిక చేసికొన్నవి. మంచుకొండలను కనిపెట్టుటకు సముద్రము మీద కావలి ఏర్పడినది. చనిపోయినవారి మూలముగా తరువాత ప్రయాణము చేసిన లక్షలాది జనులకు క్షేమము కలిగినది.

మరల రూత్ కథకు వత్తము. 58 మైళ్ల దూరమునుండి మంచుకొండల మధ్య పరుగెత్తుకొని వచ్చిన కార్పేతియా ఓడ సుమారు 4 గంటలకు చేరినది. కాప్టెన్ ఆర్థర్ రాస్ట్రన్ గారు వచ్చు దారిలోనే వేడి పానీయములు, కంబళ్ళు, వైద్యులు, పడకలు అన్నియు సిద్ధము చేయించారు. చలికి కొయ్యబారిన రూత్‌ను త్రాళ్ల ఊయెలలో కూర్చుండబెట్టి పైకి లాగారు. పైకి వచ్చిన తరువాత ఆమె తన వారి కొరకు ఓడంతయు వెదకినది. కొన్ని గంటలు గడచినవి. తుదకు ఒక స్త్రీ వచ్చి, నీవు రూత్ బెకర్‌వా, మీ అమ్మ నీ కొరకు వెదకుచున్నది అని చెప్పినది. తల్లి, తమ్ముడు, చెల్లెలు ముగ్గురును క్షేమముగా ఉన్నారు. దుప్పటిలో చుట్టిన పసిబిడ్డ కూడ ఆ జర్మను తల్లికి దొరికినది.

ఏప్రిల్ 18 రాత్రి కార్పేతియా న్యూయార్కు చేరినది. అక్కడనుండి బెకర్ కుటుంబము మిషిగన్ రాష్ట్రములోని బెంటన్ హార్బరుకు వెళ్లినది. పత్రికలవారు వెంటపడగా నెల్లీ గారు తనను ఏమియు అడుగవద్దని, రూత్‌ను అడిగినచో అంతయు చెప్పునని అన్నారట. ఇక్కడ కూడ బరువు పెద్దపిల్ల మీదనే పడినది. బెకర్ గారు మరుసటి సంవత్సరము ఈ దేశము విడిచి తన వారిని కలిసికొన్నారు. నెల్లీ గారు 1961లో చనిపోవువరకు ఆ రాత్రిని గూర్చి కన్నీళ్లు లేక మాట్లాడలేకపోయారు. ఏ బిడ్డ ప్రాణము కొరకు ఆ ప్రయాణము చేశారో ఆ రిచర్డ్ బ్రతికి పెద్దవాడై 1975లో మరణించాడు. మేరియన్ 1944లో క్షయవ్యాధితో చనిపోయినది.

రూత్ ఒహాయో రాష్ట్రములో చదువుకొని, కాన్సస్ రాష్ట్రములో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని అయినది. తన తోటి విద్యార్థియైన డేనియల్ బ్లాన్‌షార్డ్‌ను వివాహమాడినది. ముగ్గురు బిడ్డలు కలిగారు. సుమారు ఇరువది ఏండ్ల తరువాత ఆ వివాహము తెగిపోయినది. ఆమె మరల బడికి వెళ్లి పిల్లలకు పాఠములు చెప్పి జీవించినది. ఆ దీర్ఘకాలమంతయు ఆమె టైటానిక్ మాట ఎత్తలేదు. ఆమె కన్నబిడ్డలకు సయితము చిన్నతనములో తమ తల్లి ఆ ఓడలో ఉన్నదను సంగతి తెలియదు.

ఈ మౌనమును మేము అనేక పర్యాయములు ఆలోచించితిమి. ఇంత గొప్ప తప్పింపును పొందినవారు దానిని ఊరూర చాటవలెను గదా అని మనవారు అందురు. కాని ఆ రాత్రి కేకలు విన్న చెవులు అవి. తాను బ్రతికి వచ్చిన సంగతి చెప్పవలెనన్న పదిహేను వందల మంది చనిపోయిన సంగతియు చెప్పవలెను. అది చెప్పుటకు నోరు వచ్చువరకు ఆమె ఊరకున్నది. ఈ విధముగా ఊరకున్నవారు మన సంఘములలో కూడ ఉన్నారు. ప్రసవములో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఉన్నది, తుఫానులో ఇంటివారందరిని కోల్పోయిన ముసలివాడు ఉన్నాడు. వారిని నిలువబెట్టి సాక్ష్యము చెప్పుమని తొందరపెట్టుటకంటె, వారు చెప్పినప్పుడు వినుటకు సిద్ధముగా ఉండుట మేలు.

ఉద్యోగ విరమణ చేసి కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో స్థిరపడిన తరువాత రూత్ నోరు విప్పినది. అడిగినవారికి నిదానముగా, ఉన్నది ఉన్నట్లు చెప్పినది. 1982లో, తరువాత 1987, 1988 సంవత్సరములలో, టైటానిక్ చరిత్ర సంఘమువారి సమావేశములకు వెళ్లి తోటి సజీవులను కలిసికొన్నది. తనను వీరురాలిగా చూపుకొనలేదు.

ఇంకొకటి మిగిలియున్నది. 1912 తరువాత ఆమె సముద్రము మీద ప్రయాణము చేయలేదు. 1990 మార్చిలో, తొంబది ఏండ్ల వయస్సులో, ఆమె మెక్సికోకు పోవు ఓడ ఎక్కినది. డెబ్బది ఎనిమిది ఏండ్ల తరువాత మొదటిసారి! ఆ ప్రయాణము చేయుమని ఎవరును ఆమెను బలవంతపెట్టలేదు. చేయకపోయినను ఎవరును ఆమెను పిరికిదని అనెడివారు కారు. ఆమె క్షేమముగా తిరిగి వచ్చినది. అదే సంవత్సరము జూలై 6న కన్నుమూసినది. ఆమె కోరినట్లు 1994 ఏప్రిల్ 16న, టైటానిక్ మునిగిన చోట, ఆమె చితాభస్మమును అట్లాంటిక్ సముద్రములో కలిపారు.

గుంటూరులో ఆరంభమైన ఒక జీవితము ఈ విధముగా ముగిసినది. ఆమె మన ఊరిలో బడి కట్టించలేదు, ఆస్పత్రి కట్టించలేదు. ఆమె పేరు మన రాతిపలకల మీద ఉండుటకు కారణమేమియు లేదు. అయినను ఈ సంవత్సరము మన పెద్దల పేర్లు చదువుకొనునప్పుడు, వారి వెంట వచ్చిన పిల్లలను కూడ తలచుకొందము. మన ఆదివారపు బడిలో పిల్లలకు ధైర్యమును గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు, సింహములను, యుద్ధములను గూర్చి చెప్పిన తరువాత, చీకటి పడవలో కూర్చుండి తమ్మునికి తెచ్చిన కంబళ్ళను పరాయివారికి కప్పిన ఈ పెద్దపిల్ల కథ కూడ చెప్పుదము. వారిలో చాలమంది ఇండ్లలో పెద్దపిల్లలే. వారికి ఈ కథ వెంటనే అర్థమగును.